కనకం కట్టని మూడు ఆనకట్టలు

అనగనగా ఒక అడవి. ఎండలు ముదిరితే చాలు, ఆ అడవిలో వాగు ఎండిపోయేది. ఆ వాగు ఒడ్డున కనకం అనే ముళ్ళపంది ఉండేది.

వాగు ఎండిపోతే మరి నీళ్ళెక్కడివి అంటారా? కనకం తవ్వేది. ఇసుకలో తడి ఎక్కడుందో ముక్కుతో వాసన పట్టి, ముందుకాళ్ళతో చెలమ తవ్వేది. చెలమంటే తెలుసుగా పిల్లలూ, ఇసుకలో తవ్విన నీళ్ళ గుంట. ఇసుక జారి పూడిపోకుండా చుట్టూ తంగేడు మండలు అల్లేది. అడవంతా వచ్చి ఆ నీళ్ళే తాగేది. తాగి, మూతి తుడుచుకుని, "పాపం, చదువూ సంధ్యా లేని పిల్ల. ఎప్పుడు చూసినా మట్టి పిసుక్కుంటూ ఉంటుంది" అని జాలిపడి మరీ వెళ్ళేది.

ఒక ఏడాది వైశాఖంలో చెలమలు కూడా ఎండిపోయాయి. దుప్పుల మంద ఒకటి నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. కనకం మూడు రోజులు అన్నం ముట్టలేదు.

"వానాకాలంలో ఇన్ని నీళ్ళు ఊరికే పోతున్నాయి. వాటిని ఆపడం ఎవరికైనా తెలుసా?" అని అడిగింది.

"తెలియకేం! సముద్రం అవతల మంచు దేశంలో బీవర్లు ఉంటాయి. పళ్ళతో చెట్లు కొరికి వాగులకి ఆనకట్టలు కడతాయి. అందుకో పెద్ద కాలేజీ కూడా ఉంది" అంది దేశాలు తిరిగిన కొంగ.

ఇంకేం? ఆ రోజు నుంచి కనకానికి ఒకటే ధ్యాస. ఆ కాలేజీలో చేరాలి, విద్య నేర్చుకోవాలి, వచ్చి తన వాగుకి ఆనకట్ట కట్టాలి.

కాలేజీ వాళ్ళు అడిగింది ఒక్కటే. మీ గురించి మీరు ఒక ఉత్తరం రాయండి అన్నారు. కనకం మోదుగాకు తీసుకుని, ముల్లుతో ఇలా రాసింది:

"అమ్మా, మా వాగు వేసవిలో ఎండిపోతుంది. నేను చెలమలు తవ్వుతాను. ఇప్పటికి ఇరవై రెండు తవ్వాను. అయిదు కూలిపోయాయి. ఎందుకు కూలాయో కొంత తెలిసింది, కొంత తెలియలేదు. ఆ తెలియనిది నేర్పించండి."

అక్కడితో ఆగి పంపించేస్తే ఈ కథే ఉండేది కాదు. కానీ మన అడవిలో ఎవరైనా సొంతంగా ఉత్తరం పంపుతారా? నామోషీ కాదూ! అందరూ వెళ్ళినట్టే కనకమూ కన్సల్టెన్సీకి వెళ్ళింది.

ఆ కన్సల్టెన్సీ ఊసరవెల్లి సుందరరావు గారిది. సుందరరావు గారు సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అందుకే సముద్రం ఎలా దాటాలో అందరికీ అంత ధైర్యంగా చెప్పేవారు.

ఆయన మోదుగాకు చదివి కడుపు పట్టుకుని నవ్వారు.

"ఇదేంటమ్మా! కూలిపోయాయని ఎవరైనా రాసుకుంటారా? పైగా చెలమలా? పరువు తీస్తావా ఏంటి? అక్కడి వాళ్ళకి ఆనకట్టలు కావాలి. నువ్వు ఎన్ని కట్టావు?"

"ఒక్కటీ కట్టలేదండీ. నేర్చుకోవడానికే కదా వెళ్తున్నది" అంది కనకం.

"అదిగో, ఆ మాటే అనకూడదు. నేర్చుకోవడానికి వస్తున్నానంటే నీకేమీ రాదని వాళ్ళకి తెలిసిపోదూ?" అన్నారు సుందరరావు గారు. ఆ తెలివికి కనకం నోరు వెళ్ళబెట్టింది.

ఆయన కొత్త ఆకు తీసి చకచకా రాసేశారు. పాతవి చూసి రాసుకున్నారని మనం అనకూడదు, పెద్దవారు. "బాల్యం నుంచే నీటి బిందువును చూస్తే నా ఒళ్ళు పులకరించేది" అని మొదలైంది ఉత్తరం.

"నాకెప్పుడూ పులకరించలేదండీ. దాహం వేసేది" అంది కనకం.

"ఇప్పటి నుంచి పులకరిస్తుంది" అన్నారాయన.

ఆ తర్వాత కనకం మూడు ఆనకట్టలు కట్టినట్టు రాశారు. మూడో ఆనకట్ట రాళ్ళతో కట్టిందట. దాన్ని పులిగారు స్వయంగా ప్రారంభించారట. సిఫారసు ఉత్తరం కావాలంటే పులిగారు నిద్రపోతున్నారు. లేపే మొనగాడెవరు? సుందరరావు గారే ఒంటి మీద చారలు తెచ్చుకుని, పాదం బురదలో ముంచి, ఉత్తరం కింద ముద్ర గుద్దేశారు.

కనకం చేతిలో ఇప్పుడు రెండు ఆకులున్నాయి. ఒకటి తను రాసింది. రెండోది ఆయన రాసింది. ఇది అబద్ధం కదా అనుకుంది. అయినా అందరూ ఇలాగే వెళ్తున్నారు కదా అనుకుంది. నేను వెళ్ళేది మంచి పనికే కదా అని కూడా అనుకుంది. ఆ మూడో మాట చాలా సుఖంగా అనిపించింది. రెండో ఆకే పంపించింది.

సీటు వచ్చింది! ఇక వీసా ఇంటర్వ్యూ మిగిలింది. సముద్రం ఒడ్డున బండ మీద గూడబాతు దొరగారు కూర్చుని ప్రశ్నలు వేస్తారు. సుందరరావు గారు మూడు జవాబులు నూరిపోసి పంపారు.

"మా దేశమే ఎందుకు?" అన్నారు దొరగారు.

"మీ దేశపు విద్యా ప్రమాణాలు లోకంలోనే అత్యున్నతం" అంది కనకం గుక్క తిప్పుకోకుండా.

"చదువయ్యాక ఏం చేస్తావు?"

"తిరిగొచ్చి నా అడవికి సేవ చేస్తాను."

"మీ వాగులో ఇప్పుడు నీళ్ళున్నాయా?"

ఈ ప్రశ్న నూరిపోసిన వాటిలో లేదు. కనకానికి నిజంగా జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే. కానీ కంగారులో, "మీ దేశపు విద్యా ప్రమాణాలు లోకంలోనే అత్యున్నతం" అని మళ్ళీ చెప్పింది. దొరగారికి చేపలు తినే వేళయింది. ఉదయం నుంచి ఆ మాట నలభై మంది దగ్గర విన్నారు. ఆవలించి ముద్ర వేసేశారు.

అడవంతా కనకాన్ని మోసుకుపోయినంత పని చేసింది. నిన్నటిదాకా మట్టి పిసుక్కునే పిల్ల ఒక్కసారిగా "మన కనకం" అయిపోయింది. మాలలు వేశారు. ఫొటోలు దిగారు. వచ్చే వేసవిలో చెలమలు ఎవరు తవ్వుతారని మాత్రం ఒక్కరూ అడగలేదు. శుభమా అని వెళ్తుంటే అలాంటి మాటలేంటి మరి!

మంచు దేశంలో దిగింది కనకం. అబ్బో, ఏం చలి! ముళ్ళ మధ్య మంచు ఇరుక్కుని, నడుస్తుంటే గలగలమనేది. ఒక్క బొరియలో ఆరుగురు ఉండేవారు. ఒక్క దుంపని ఆరు ముక్కలు చేసుకుని, దాని మీద ఇంటి నుంచి తెచ్చిన చింతపండు కాస్త రాసుకుని తినేవారు. ఇంటికి కబురు పంపేటప్పుడు మాత్రం, "ఇక్కడ స్వర్గంలా ఉంది. నేను బాగా లావెక్కాను" అని చెప్పించేది.

బొరియలో పక్క మంచం అడవిపిల్లి రాజ్యానిది. ఒకరోజు మాటల్లో రాజ్యం అంది, "బాల్యం నుంచే నీటి బిందువును చూస్తే నా ఒళ్ళు..."

"పులకరించేదా?" అంది కనకం.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పిల్లి జాతికి నీళ్ళంటే ఒళ్ళు మంట. పాపం, సుందరరావు గారు ఆ సంగతి చూసుకోలేదు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక ఇద్దరికీ భయం వేసింది.

మర్నాడు కాలేజీలో ప్రిన్సిపాలమ్మ కనకాన్ని పిలిపించింది. ఆవిడ ముసలి బీవరు. ముందుపళ్ళు అరిగిపోయి ఉన్నాయి. ఎదురుగా బల్ల మీద కనకం ఉత్తరం ఉంది.

"మూడు ఆనకట్టలా! ఈ వయసులో! నువ్వు మొదటి ఏడాది పిల్లలతో కర్రలు పేర్చడం నేర్చుకోవడమేంటమ్మా, అవమానం! నేరుగా మూడో ఏడాదిలో కూర్చో" అంది.

కనకం నేర్చుకోవాలని వచ్చింది సరిగ్గా ఆ కర్రలు పేర్చడమే. కాదండీ అందామనుకుంది. అనకుండానే వెళ్ళి మూడో ఏడాదిలో కూర్చుంది.

వారం తిరిగాక ప్రిన్సిపాలమ్మ మళ్ళీ అడిగింది. "రాళ్ళ పని చేశావు కదా, మా పిల్లలకి కాస్త చెప్పకూడదూ?"

"మీ దేశపు విద్యా ప్రమాణాలు..." అని మొదలుపెట్టి, గొంతు నొప్పిగా ఉందని తప్పించుకుంది కనకం.

మంచు కరిగే రోజులొచ్చాయి. మూడోసారి ప్రిన్సిపాలమ్మే పరుగున వచ్చింది.

"కనకం, పై వాగులో వరద మొదలైంది. మేమంతా కింది ఆనకట్ట చూసుకోవాలి. పై ఆనకట్ట నీకు అప్పజెబుతున్నా. నీళ్ళు ఎక్కువైతే పక్క గండి తీయాలి. నీకు చెప్పాలా? కావాలంటే తోడు ఇద్దరిని పంపుతాను. చేయగలవా?"

ఇప్పుడైనా చెప్పాల్సింది. నాకు రాదమ్మా అంటే అయిపోయేది. కానీ ఆరు నెలలు మోసిన అబద్ధం ఒక్కసారిగా దింపాలంటే సిగ్గు. "ఒక్కదాన్నే చూసుకుంటానండీ" అంది. తోడు వస్తే తనకి రాదని తెలిసిపోతుందని దాని భయం.

వరద వచ్చింది. కనకం గండి తీసింది. తీయాల్సిన చోట కాదు, దానికి ఎదురు చోట. కళ్ళు మూసి తెరిచేలోగా ఆనకట్ట కొట్టుకుపోయింది. బీవర్ల ఇళ్ళు పద్నాలుగు మునిగిపోయాయి. పసిపిల్లల్ని తల్లులు నోట కరుచుకుని ఈదుకుంటూ ఒడ్డుకి చేర్చుకున్నారు. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు.

కనకం తడిసి ముద్దయి, ప్రిన్సిపాలమ్మ ముందు నిలబడి బావురుమంది. "నేను ఒక్క ఆనకట్టా కట్టలేదమ్మా. ఆ ఉత్తరం నాది కాదు" అంది.

"మరి నీకు ఏం వచ్చు?" అంది ప్రిన్సిపాలమ్మ.

"ఇసుకలో నీళ్ళు వెతికి చెలమలు తవ్వుతాను. ఇరవై రెండు తవ్వాను. అయిదు కూలిపోయాయి."

ప్రిన్సిపాలమ్మ తోక నేల మీద టపామని కొట్టింది. లేచి వెళ్ళి గోడ మీది కాగితం తెచ్చి చూపించింది. "ఇది చదువు. మా దక్షిణాన వాగులు కూడా ఎండిపోతున్నాయి. ఇసుకలో నీళ్ళు పట్టే విద్య మాలో ఎవరికీ రాదు. అది వచ్చినవారికి మా విద్య పూర్తిగా నేర్పుతాం, వారి దగ్గర ఆ విద్య మేము నేర్చుకుంటాం అని ఒక సీటు పెట్టాం. నాలుగేళ్ళయింది. మీ అడవి నుంచి వందల ఉత్తరాలొచ్చాయి. అందరూ ఆనకట్టలు కట్టినవారే. ఇసుక గురించి రాసినవారు ఒక్కరూ లేరు."

కనకం కాళ్ళ మీద పడింది. "ఆ సీటు నాకివ్వండమ్మా! నిజంగా నాకు వచ్చు!"

"వచ్చేమో. కానీ మూడు ఆనకట్టలు కూడా వచ్చన్నావు కదమ్మా" అంది ప్రిన్సిపాలమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

కనకం బయటికి పరుగెత్తింది. నేను చూపిస్తా, తవ్వి చూపిస్తా అంటూ మంచులో తవ్వడం మొదలుపెట్టింది. మంచు తీసింది. కింద గడ్డకట్టిన నేల వచ్చింది. గోళ్ళు విరిగాయి, రక్తం కారింది, అయినా తవ్వింది. కింద బండ తగిలింది. అక్కడ ఇసుక లేదు, తడి లేదు, వాసన లేదు. చుట్టూ చేరినవాళ్ళు పాపం అన్నారు. నమ్మాం అని మాత్రం ఎవరూ అనలేదు.

దొంగ ఉత్తరానికి కాలేజీలో శిక్ష ఒకటే, తిరుగు ఓడ. రెండో రోజు పొద్దున కనకం రేవుకి వచ్చింది. అదే ఓడలోంచి కొత్త పిల్లలు దిగుతున్నారు. కొత్త స్వెట్టర్లు, మెడలో వాడిన పూలమాలలు. అందరూ తన అడవివాళ్ళే. కనకం వాళ్ళకి ఎదురెళ్ళి, కట్టు కట్టిన తన చేతులతో వాళ్ళ చేతులు పట్టుకుని బతిమాలింది.

"తమ్ముళ్ళూ, చెల్లాయిలూ, ఒక్క మాట వినండి. ఈ రోజే వెళ్ళి ప్రిన్సిపాలమ్మకి నిజం చెప్పేయండి. మీకు ఏం వచ్చో అదే చెప్పండి. ఇంకా ఆలస్యం కాలేదు."

పిల్లలు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకున్నారు. "తనకి కుదరలేదని కుళ్ళు" అంది ఒక నక్కపిల్ల.

వెనకాల ఒక కుందేలు మాత్రం జాలిగా దగ్గరికి వచ్చింది. "మీకైతే పాపం మూడు ఆనకట్టలే ఉన్నాయక్కా, అందుకే ఇబ్బంది పడ్డారు. సుందరరావు గారు మా అందరికీ ఈసారి అయిదేసి రాశారు" అంది.

నీతి: చేసిన పని చిన్నదని దాచి, చేయని పనిని గొప్పగా చెప్పుకుంటే, ఆనక చేసిన పని చెప్పినా నమ్మేవారుండరు.