రాజుగారి వెక్కిళ్ళు

పూర్వం ఒక రాజుగారికి వెక్కిళ్ళు పట్టుకుని, ఎన్ని మందులు మింగినా వదల్లేదు. ఉలిక్కిపడితే పోతాయని ఆస్థాన వైద్యుడు ఆయన వెనకాల ఫిరంగి పేల్చించాడు. యుద్ధాల్లో ఆరితేరిన రాజు కన్నైనా ఆర్పలేదు.

అప్పుడు కోటకు పెరుగు తెచ్చే ఆదెమ్మ గుండె చిక్కబట్టుకుని ముందుకొచ్చి, "అమ్మవారి నగలు కాజేసింది తమరేనట కదా, ప్రభూ!" అంది.

సభంతా నిర్ఘాంతపోయింది. భటులు కత్తులు దూశారు. "నేను దొంగనా?" అంటూ రాజు సింహాసనం మీంచి ఎగిరి లేచాడు.

"కాదు ప్రభూ! మరి వెక్కిళ్ళేవి?" అంది ఆదెమ్మ. "మా పిల్లలకు ఇలాగే మాన్పిస్తాను."

"రాజద్రోహం! శిక్షించండి!" అన్నాడు వైద్యుడు.

రాజు వినిపించుకోలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"మా అమ్మ కూడా, బెల్లం దొంగిలించావట కదా అనేది, ఆదెమ్మా! కాకపోతే, అప్పుడు నిజంగానే దొంగిలించేవాణ్ణి."