మానుమీద ఖాళీ చోటు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అడవిపందులకో రాజ్యం ఉండేదర్రా! రాజు పేరు కోరదంతుడు. కోరలు చిన్నవే, గొంతు మాత్రం పెద్దది.

ఒకసారి దుంపల మిట్ట మాదంటే మాదని అడవిపందులు, ముళ్ళపందులు కొట్టుకు చచ్చాయి. యుద్ధం ముగిసేసరికి దుంపలన్నీ కాళ్ళకింద నలిగిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు. ఆ మిగలని దుంపల్ని చెరిసగం పంచుకుని రాజులిద్దరూ సంధి చేసుకున్నారు. ఎంత తెలివో చూశారా!

అప్పుడు కోరదంతుడికి చనిపోయినవాళ్ళు గుర్తొచ్చారు. ఎండిన మద్దిమాను బెరడు ఒలిపించి, వడ్రంగిపిట్టను పిలిపించాడు. పిట్ట టకటకా పొడిచి, పైన 'శాంతి' అనీ, దాని కింద చనిపోయిన పందుల పేర్లూ చెక్కింది.

ఆవిష్కరణ రోజున రాజు కళ్ళు తుడుచుకుంటూ ప్రసంగించాడు.

"ఇకమీదట యుద్ధానికి వెళ్ళేముందు అందరూ ఈ మానుకు మొక్కాలి! మళ్ళీ యుద్ధమంటూ వస్తే మొదటి ప్రాణం నాదే! ఆ తర్వాత మా మంత్రులది!"

మంత్రులు గుర్రుగుర్రుమని మెచ్చుకున్నారు. చివరి మాట సరిగ్గా వినలేదు కాబోలు.

మట్టెమ్మ అనే ముసలి పంది ముందుకొచ్చింది. ఆమె పెద్దకొడుకు పేరు మానుమీద ఉంది. చిన్నకొడుకు పక్కన నిలబడి ఉన్నాడు.

"మారాజా, మాను కిందిసగం ఖాళీగా వదిలేశారేం?" అని అడిగింది.

"ముందుచూపమ్మా! రేపు ఇంకో యుద్ధం వస్తే పేర్లకు చోటు కావద్దూ?" అన్నాడు రాజు.

మట్టెమ్మ చిన్నవాణ్ణి దగ్గరకు లాక్కుంది. వాడి పేరుకు చోటు అప్పుడే సిద్ధం చేశారన్నమాట! ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

అందరూ విందుకు వెళ్ళాక, "పిట్టా, రాజుగారు చెప్పిన వరస విన్నావుగా? అలాగే చెక్కు" అంది.

తెల్లారి చూస్తే ఖాళీచోట మొదటి పేరు కోరదంతుడిది! దాని కింద మంత్రులవి.

"నేను బతికుండగానే నా పేరా?" అని రాజు అరిచాడు.

"పోయిన యుద్ధానికి ముందు తమరి ప్రసంగం విన్నప్పుడు, నా పెద్దోడూ బతికే ఉన్నాడు మారాజా" అంది మట్టెమ్మ.

చెక్కిన పేరు చెరగదు. మాను నరికిద్దామంటే వీరుల పేర్లూ పోతాయి. చుట్టూ తల్లులు నిలబడి చూస్తున్నారు. రాజు తోక ముడుచుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు ఇప్పపూల కోసం ఎలుగుబంట్లమీద యుద్ధమన్నాడు. మానుకు మొక్కడానికొచ్చి, తన పేరు చూసి, కడుపునొప్పన్నాడు. తర్వాత బురదగుంట కోసం దున్నపోతుల మీదకన్నాడు. ఈసారి మంత్రులందరికీ ఒకేసారి కడుపునొప్పి వచ్చింది. మూడోసారి ముళ్ళపందులే కయ్యానికి వస్తే, రాజు ఎదురెళ్ళి ఆకులు పరిచి, "కూర్చుని మాట్లాడుకుందాం రండి బాబూ!" అన్నాడు.

అలా మాటలతోనే ఏళ్ళు గడిచాయి. మట్టెమ్మ చిన్నకొడుక్కి పిల్లలు పుట్టారు. వీపు దురద పెడితే వాళ్ళు మానుమీద మిగిలిన ఖాళీచోటుకే రుద్దుకునేవారు. రుద్దీ రుద్దీ అది నున్నగా అయిపోయింది. మట్టెమ్మ వాళ్ళను చూసి నవ్వుకునేది. తలెత్తి పెద్దోడి పేరు చూసినప్పుడు మాత్రం ఏడ్చేది.

నీతి: యుద్ధమని అరిచేవాడి పేరు చచ్చేవాళ్ళ వరసలో ముందు రాయండి. వాడంత శాంతమూర్తి మరొకడు కనబడడు.