సంగిడి ఎత్తని మనిషి

తవిటయ్యకి చేతికింద ఒక మనిషి కావాలి. రేపో మాపో కాదు, ఇప్పుడే కావాలి.

ఎర్రినాయుడు గురువుగారి గరిడీలో పొద్దున్నే కుర్రాళ్లు సాము చేస్తారు. వెనక వసారాలో ఎముకలు విరిగి అతికినవాళ్లకీ, పక్షవాతం వచ్చినవాళ్లకీ మళ్లీ నడక నేర్పుతారు. ఆ వసారా పని రెండేళ్లుగా తవిటయ్యే చూస్తున్నాడు. కష్టపడే మనిషి. కాకపోతే తన కండలంటే కాస్త మక్కువ ఎక్కువ.

అతని దిగులంతా కన్నయ్య గురించి. తాటికల్లు గీసే కన్నయ్య నిరుడు చెట్టు మీంచి పడి కుడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికి రెండు నెలలు దాటింది. డాక్టరు నడవమన్నాడు కూడా. కానీ కన్నయ్య చాప మీంచి తనంతట తాను లేవడు. వాళ్ల గీతగాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. చెట్లు పంచుకునే రోజున ఎవరికి వాళ్లు తమ చెట్లలో మొదటిదాని దగ్గరికి నడిచొచ్చి చేత్తో తాకాలి. ఆ ఏడాది ఎక్కకపోయినా ఫరవాలేదు, చెట్లు వాళ్లవిగానే ఉంటాయి. ఒకరి చెయ్యి పట్టుకుని వస్తే మాత్రం చెల్లదు. కన్నయ్యకి ఉన్నవి పదకొండు చెట్లు. అవి పోతే ఇంక ఏ ఆధారమూ లేదు. ఆ రోజు పన్నెండు రోజుల్లోకి వచ్చేసింది.

తవిటయ్య రోజూ కన్నయ్య చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపులో నిలబెట్టేవాడు. చేతులు తియ్యగానే కన్నయ్య కూలబడేవాడు. మళ్లీ లేపేవాడు. ఇద్దరికీ చెమటలు పట్టేవి.

"నేనొక్కణ్ణీ చాలట్లేదు గురువుగారూ. ఇంకో గట్టి మనిషి తోడుంటే రోజుకి పదిసార్లు లేపుతాం," అన్నాడు చివరికి.

"చూడు మరి," అన్నారు గురువుగారు.

కబురు వెళ్తే ఇద్దరు వచ్చారు. ఒకడు బంగారయ్య, పక్క ఊరి వస్తాదు. గరిడీ ముంగిట ఉన్న సంగిడి రాళ్లలో అన్నిటికన్నా పెద్దదాన్ని భుజం మీదికి ఎత్తి, గరిడీ చుట్టూ తిరిగి మరీ దించాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు. రెండో మనిషి పారమ్మ. నలభై దాటిన ఆడమనిషి, పన్నెండేళ్లు ఏదో ఆసుపత్రి వ్యాయామాల గదిలో పని చేసింది. చిన్న సంగిడి చూపించి ఎత్తమన్నాడు తవిటయ్య.

"ఎందుకు బాబూ? దానికేటైంది?" అంది పారమ్మ.

కుర్రాళ్లు పడీ పడీ నవ్వారు. తవిటయ్యకి చిర్రెత్తుకొచ్చింది. గురువుగారి దగ్గరికి వెళ్లి, "బంగారయ్యని పెట్టుకుందాం," అన్నాడు.

గురువుగారు వసారా చూరులోంచి రెండు వెదురు బద్దలు తీశారు. "పడుకో," అన్నారు.

తవిటయ్యకి అర్థం కాలేదు. అయినా పడుకున్నాడు. గురువుగారు అతని కుడికాలు మడత పడకుండా బద్దలు వేసి గుడ్డతో బిగించి కట్టారు. కుడిచెయ్యి ఛాతీకి కట్టేశారు. పక్కన ఒక పీట పెట్టి, ఆ ఇద్దరినీ పిలిచారు. గోడ వారగా చాప మీద కన్నయ్య ఇదంతా గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"ఈ మనిషిని నిలబెట్టాలి. ముందు నువ్వు," అన్నారు బంగారయ్యతో.

బంగారయ్య వంగాడు. మరుక్షణం తవిటయ్య గాల్లో ఉన్నాడు. కాళ్లు నేలకి తగిలాయి గానీ నేల ఎక్కడుందో తెలియలేదు. కట్టిన కాలు కొయ్యలా ముందుకి జారింది. "వదలకు! వదలకు!" అని తవిటయ్య కేక పెట్టాడు. అది తన గొంతేనా అని తనకే సిగ్గేసింది. సరిగ్గా ఈ మాటే రోజూ కన్నయ్య అంటాడు.

మళ్లీ పడుకోబెట్టారు. పారమ్మ వచ్చి వంగలేదు, నేల మీద అతని పక్కనే కూర్చుంది.

"నీ మంచి వైపు ఏది బాబూ?"

ఇన్ని నెలల్లో కన్నయ్యని తను ఈ మాట అడగలేదు. "ఎడమ," అన్నాడు తవిటయ్య.

"అయితే అటే తిరుగు."

తిరిగాడు. ఆవిడ తన చెయ్యి అతని వీపు వెనక జానెడు దూరంలో ఉంచింది, తగలనివ్వలేదు. తవిటయ్య మోచేతి మీద లేచి, జారి, మళ్లీ లేచాడు. అరచెయ్యి ఆనించాడు. ఎడమ మోకాలు నేలకి తెచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది. లాగి నిలబెట్టొచ్చు కదా ఈ మనిషి అని లోపల తిట్టుకున్నాడు. ఆవిడ కదల్లేదు. పీట మీద చెయ్యి వేసి నొక్కాడు. నిలబడ్డాడు.

గురువుగారు అడిగారు. "బంగారయ్య నిన్ను లేపాడు కదూ?"

"లేపాడండీ."

"పారమ్మ?"

"లేపలేదండీ."

"మరెలా లేచావు?"

తవిటయ్య ఎడమచేత్తో కాలి బద్దల కట్టు విప్పుకున్నాడు. చివరికి, "పారమ్మని రేపటి నుంచి రమ్మనండి," అన్నాడు.

పదకొండు రోజులూ పారమ్మ కన్నయ్య పక్కన నేల మీదే కూర్చుంది. తవిటయ్య దూరంగా నిలబడి చూశాడు. కన్నయ్య కోప్పడ్డాడు, ఏడ్చాడు, లేచాడు. కర్ర పట్టుకుని గరిడీ గుమ్మం దాకా, తర్వాత వీధి మలుపు దాకా నడిచాడు.

చెట్లు పంచుకునే రోజు తాటితోపు నిండా జనం, వాళ్లలో తవిటయ్యా గురువుగారూ ఉన్నారు. బండి దిగి కన్నయ్య కర్ర పొడుచుకుంటూ బయలుదేరాడు. పారమ్మ మూరెడు దూరంలో వెనకే నడిచింది. మొదటి చెట్టుకి ఇంకా ఎనిమిది అడుగులున్నాయనగా కర్ర ఇసకలో దిగబడింది. కన్నయ్య పక్కకి ఒరిగి పడిపోయాడు.

"అయిపోయింది," అన్నారెవరో.

తవిటయ్య ఒక్క ఉరుకున కన్నయ్య దగ్గరికి చేరాడు. చేతులు వాటంతటవే చంకల కిందికి వెళ్లబోయాయి. పారమ్మ అతని వంక చూసిందంతే.

తవిటయ్య ఇసకలో చతికిలబడ్డాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"కన్నయ్యా, నీ మంచి వైపు ఏది?"

"ఎడమ బాబూ," అన్నాడు కన్నయ్య రొప్పుతూ.

కన్నయ్య ఎడమకి తిరిగాడు. మోచెయ్యి, అరచెయ్యి, మోకాలు. కర్ర ఒకసారి జారింది. తవిటయ్య పెదవి కొరుక్కున్నాడు గానీ చేతులు తియ్యలేదు. కన్నయ్య లేచాడు. ఎనిమిది అడుగులూ నడిచి, బెరడు మీద అరచెయ్యి ఆనించి, చెట్టుని కౌగిలించుకుని ఘొల్లుమన్నాడు.

గురువుగారు మెల్లిగా వచ్చి తవిటయ్య పక్కన ఇసకలో కూర్చున్నారు.

"పెద్ద సంగిడి బరువా, ఇది బరువా?"

తవిటయ్య తొడల కిందనుంచి చేతులు తీసి చూసుకున్నాడు. అంతసేపూ నొక్కిపెట్టడంతో అరచేతుల్లో ఇసక గుచ్చుకుని ఎర్రగా అచ్చులు పడ్డాయి.