పేరు చెప్పని ఆకు

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక ఇరుకు సందు. ఎంత ఇరుకంటారా, ఈ ఇంట్లో పోపు పెడితే ఎదురింట్లో తుమ్మేవాళ్ళు. మొక్క పెడదామంటే జానెడు మట్టి లేదు. పండూ, కాళ్ళు దుప్పట్లో పెట్టు, చెల్లి మీద వెయ్యకు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే నేను పడుకుంటాను, నాకేం.

ఆ సందులో అచ్చాయమ్మని ఒకావిడ. దగ్గు మందుకి పెట్టింది పేరు. ఎవరి పిల్లాడు ఖళ్ళుమన్నా ఆవిడ గుమ్మం తొక్కాల్సిందే, ఎందుకంటే వైద్యుడు ఏటి అవతల ఊళ్ళో ఉండేవాడు. ఈవిడ తెల్లారకుండానే చెంగు కింద సంచీ దాచుకుని, ఏరు దాటి, కొండెక్కి ఆకు కోసుకొచ్చేది. తలుపు గడియ పెట్టుకుని రోట్లో నూరేది. ఏం ఆకో చచ్చినా చెప్పేది కాదు. మందు పేరు బయటపెడితే గుణం పోతుందని, పరాయి కళ్ళు పడితే పసరు నీళ్ళైపోతుందని వాళ్ళమ్మ చెప్పిందిట. వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పిందిట. పోనీ, ఇంట్లో కోడలుందిగా, పైడమ్మ, బంగారంలాంటి పిల్ల, దానికైనా చెప్పచ్చుగా? ఊహూ. కోడలికి చెప్పడమంటే ఊళ్ళో టముకు వేయించడమేనని ఆవిడ లెక్క.

ఆ ఆకు మందంగా, నూగునూగుగా, అంచులు పళ్ళుపళ్ళుగా ఉంటుంది. నలిపితే వాము వాసన. వామాకా అంటావా? చూడు, నువ్వే అన్నావు, నేననలేదు. గుణం పోతే పూచీ నీది.

అత్త ఆకులు నూరుకుని, కాడలు పెంటకుప్ప మీద పారెయ్యమనేది. పచ్చగా ఉన్నదాన్ని పారెయ్యడానికి పైడమ్మకి ప్రాణం ఒప్పేది కాదు. ఒకరోజు ఒక కాడ తీసుకెళ్ళి మిద్దె మీద పగిలిన కుండలో గుచ్చింది. మట్టి లేదన్నాను కదా, ఏటికి నీళ్ళకెళ్ళినప్పుడల్లా గుప్పెడు ఒండ్రుమట్టి కొంగున కట్టుకొచ్చేది. కుండలో కొమ్మ, కొమ్మకి రెమ్మ, రెమ్మకి ఆకు, ఆకు పక్కన ఇంకో ఆకు. ఆ రెమ్మ తుంచి కొబ్బరి చిప్పలో గుచ్చింది. చిప్పలో కొమ్మ, కొమ్మకి రెమ్మ, రెమ్మకి ఆకు, ఆకు పక్కన ఇంకో ఆకు. అక్కణ్ణించి చిల్లి చెంబులో గుచ్చింది. చెంబులో కొమ్మ, కొమ్మకి? ఆఁ, రెమ్మ. చూశారా, మీకూ వచ్చేసింది. పిట్టగోడ పొడుగునా ఒకటే పచ్చదనం. పొద్దున్నే మెట్లెక్కుతుంటే పైడమ్మకి కాళ్ళు నేల మీద నిలిచేవి కావు, అంత సంబరం.

అత్త చూడలేదా అంటావా? ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మిద్దె ఎక్కదు. మరి కొండెలా ఎక్కిందంటావా? ఓరి భడవా, పేరొచ్చే కొండకి మోకాళ్ళు నొప్పెట్టవురా, వడియాలు తియ్యడానికెక్కే మిద్దెకే నొప్పెడతాయి.

ఇంతలో ముసురు పట్టింది. కుండపోత వాన. ఏరు పొంగి అటు మనిషి ఇటు లేదు, ఇటు మనిషి అటు లేదు. సందంతా దగ్గులే. ఈ ఇంట్లో ఖళ్ళు, ఆ ఇంట్లో ఖళ్ళు. అచ్చాయమ్మ దగ్గర ఆకు నిండుకుంది. సరిగ్గా అప్పుడే పైడమ్మ కొడుక్కి, మూడేళ్ళవాడికి, దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదర్రా. గొంతులో పిల్లికూతలు, డొక్కలెగరేస్తున్నాడు, మెతుకు మింగడు. ఇవాళైతే డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్ళం, అప్పుడు ఏరు అడ్డం. ఊళ్ళో పిల్లలందరికీ మందు పోసిన చెయ్యి సొంత మనవడికి పొయ్యలేకపోయెనే అని అచ్చాయమ్మ ఖాళీ రోలు ముందు కూర్చుని ఏడ్చింది.

పైడమ్మ మిద్దె మెట్ల వంక చూసింది. మిద్దె మీద ఆకు ఉంది. కానీ అది రోజూ తన కళ్ళు పడ్డ ఆకు. గుణం పోయుంటే? అత్త ఇంట్లోంచి వెళ్ళగొడితే? పిల్లాడు ఇంకోసారి దగ్గాడు. అంతే, వానలోనే మెట్లెక్కేసింది, కుండలో తుంచింది, చిప్పలో తుంచింది, చెంబులో తుంచింది, ఒడినిండా ఆకు తెచ్చి అత్త ముందు పోసింది.

అచ్చాయమ్మ ఆకు చూసింది, కోడల్ని చూసింది, శివాలెత్తిపోయింది. నీ కళ్ళు పడ్డాయి, గుణం చచ్చింది, మా అమ్మ మాట గంగలో కలిపావని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

ఏనాడూ నోరెత్తని పైడమ్మ ఒక్క మాటంది. "అత్తయ్యా, ఆ తిట్లు రేపు పడతాను. ముందు నూరండి."

అచ్చాయమ్మ నూరింది. తలుపు గడియ సంగతే మరిచిపోయింది. గుమ్మంలో సందు సందంతా నిలబడి చూస్తోంది. ఎన్ని కళ్ళు పడ్డాయో ఇంక. పసరు పిండి తేనెలో రంగరించి పిల్లాడి నాలిక మీద రాశారు. కాసేపు ఏం లేదు. ఇంకాసేపు ఏం లేదు. అత్త కోడలి వంక చూడలేదు, కోడలు అత్త వంక చూడలేదు. సాయంత్రానికి పిల్లాడి పిల్లికూతలు తగ్గాయి, ఊపిరి కుదుటపడింది, లేచి కూర్చుని జంతిక కావాలన్నాడు.

అచ్చాయమ్మ ఏడుస్తూనే నవ్వింది. కోడలి చెయ్యి పట్టుకుని, ఇన్నాళ్ళూ మందు గుణం పోతుందని భయపడ్డాననుకున్నానే, నేను భయపడింది నా గొప్ప పోతుందని, అంది. తరవాత మోకాళ్ళు పట్టుకుని మిద్దె ఎక్కింది. గుమ్మంలో ఉన్న తల్లులందర్నీ పైకి రమ్మంది. తలా ఒక కొమ్మ తుంచి చేతిలో పెట్టింది. పేరు అడక్కండి, ఇంటికెళ్ళి గుచ్చుకోండి, అంది.

సందంతా పచ్చదనం పరుచుకుంది చూడండి. కిటికీలో కొమ్మ, చూరుకి వేలాడే ఉట్టిలో కొమ్మ, విరిగిన తొట్టెలో కొమ్మ. అచ్చాయమ్మకి లోపల దిగులు, ఇంక తన గుమ్మం ఎవరు తొక్కుతారని. నాలుగు రోజులు పోయాక చూస్తే, తెల్లారేసరికి వాకిట్లో జనం. ఒకావిడ ఆకు పసుపెక్కిందంటుంది, ఒకావిడ కొమ్మ కుళ్ళిందంటుంది. నీళ్ళు తగ్గించవే, మొక్కని పెంచమన్నాను గానీ చేపని కాదు, అని అచ్చాయమ్మ కేకలు. ఇదివరకు దగ్గొస్తేనే వచ్చేవాళ్ళు, ఇప్పుడు దగ్గు లేనివాళ్ళూ వచ్చి కూర్చుంటున్నారు. పైడమ్మ అందరికీ మజ్జిగ ఇవ్వలేక సతమతం.

అందుకే అంటాను, పదిమందికి పనికొచ్చేది గుట్టుగా దాచకండర్రా. రేపు మీ అమ్మని పాత బకెట్టు ఒకటి అడగండి. చోటు లేదంటే కిటికీ చూపించండి. కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.