గోరింక మూడు ప్రసంగాలు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున గడ్డి దుబ్బు కింద, ముత్యాలు అనే కౌజు పిట్ట ఐదు గుడ్లు పెట్టుకుంది. అడవిపందుల మంద రోజూ పొద్దున్నే ఆ పక్కనే దుంపలు తవ్వుకునేది. తవ్వకం రోజురోజుకూ గూటి వైపు జరుగుతోంది.

వెళ్లి చెబుదామనుకుంది ముత్యాలు. కానీ తనవి మోటు మాటలు. పెద్దల ముందు బాగుండదని సిగ్గుపడింది. మాటకారి అని పేరున్న గోరింక దగ్గరకు వెళ్లింది.

“బాబూ, నా తరఫున నువ్వు మాట్లాడి పెట్టు.”

“నేను మాట్లాడితే రాళ్లే కరుగుతాయి. పందులెంత, అక్కా?” అంది గోరింక.

మొదటి రోజు అది గూటి పక్కనున్న రేగు కొమ్మ మీద కూర్చుని పందుల వంశాన్ని పొగిడింది. పందులు తవ్వడం మాని విన్నాయి.

రెండో రోజు తల్లి మనసు గురించి చెప్పింది. ముసలి పంది కన్నీళ్లు పెట్టుకుంది. ఇంకా బాగా వినపడాలని మంద నాలుగడుగులు ముందుకు వచ్చింది.

“నా గుడ్ల సంగతి ఎత్తలేదేం బాబూ?” అని అడిగింది ముత్యాలు.

“తొందర పనికిరాదక్కా. ముందు సభ మన చేతిలోకి రావాలి.”

మూడో రోజు ధర్మం గురించి చెబుతూ పదకొండు కారణాలు చూపించింది. సంతోషం కలిగితే ముట్టెతో నేల కుమ్మడం పందుల ఆచారం. ఆ రోజు బాగా కుమ్మాయి. ఒక గుడ్డు పగిలింది.

“ఎంత బాగా చెప్పాడు!” అంది ఒక పంది.

“ఏం చెప్పాడు?” అంది వెనకాల ఉన్నది.

“అది తెలియదు. బాగా చెప్పాడు.”

గోరింక రెక్కలు సర్దుకుంది. “రేపు ఇంతకంటే బాగా చెబుతానక్కా.”

“వద్దు బాబూ. నాకు మిగిలినవి నాలుగే” అంది ముత్యాలు.

అది నేరుగా వెళ్లి ముసలి పంది ముందు నిలబడింది. తనవి మోటు మాటలే. అయినా చెప్పింది.

“తాతా, ఈ దుబ్బు కింద నా గుడ్లున్నాయి. ఒకటి మీ ముట్టె తగిలి పగిలింది. పిల్లలు బయటికొచ్చేదాకా అవతలి గట్టున తవ్వుకోండి.”

ముసలి పంది వంగి దుబ్బు కిందకు చూసింది.

“ఈ మాట మొదటి రోజే చెప్పాల్సిందమ్మా” అంది.

మంద అవతలి గట్టుకు నడిచింది. ముత్యాలు వెళ్లి నాలుగు గుడ్ల మీద కూర్చుంది.

నీతి: విన్నవాడు మెచ్చుకుంటే చాలదు, తను ఏం చేయాలో వాడికి తెలియాలి. అలా చెప్పడమే మాట నేర్పు.