హద్దురాయి జరిగిన తీగలమ్మ కోన

కనుమ దిగి వచ్చారు కదా, ఏం చూశారో చెప్పండి. పందిళ్లు చూశామని తప్పించుకోవద్దు. కత్తిరించిన ద్రాక్షతీగల కొసల నుంచి బొట్లు బొట్లుగా నీరు కారడం చూశారా లేదా? ఆ నీటికి ఈ కోనలో ముసలీ ముతకా ఇప్పటికీ చేతులు జోడిస్తారు. భక్తితో కాదు, భయంతో.

పూర్వం ఈ సీమను ఏలిన చిక్కనాయకుడు ఇక్కడి ద్రాక్షాసవానికి మెచ్చి, కోన చుట్టూ హద్దురాళ్లు పాతించి, వాటి లోపల పండిన పండుకే తన ముద్ర వేస్తాననీ, ముద్ర లేని పండును ఎవరూ కొనరాదనీ, రాయి కదిపినవాడి చేతులు నరికిస్తాననీ శాసించాడు. తూర్పు వాలు దగ్గర కొలతగాళ్లు ఆగి, "ఇదీ మీ కోనేనా?" అని ఊరిపెద్ద సుంకన్నను అడిగారు. ఆ వాలు ఓబులమ్మ అనే విధవరాలిది. కోనలోని ప్రతి తీగా ఆమె తోటలోని తల్లితీగ నుంచి కోసి తెచ్చి నాటిన కొమ్మే. అయినా ముద్రపండు తక్కువైతే తమ పండుకు గిరాకీ పెరుగుతుందన్న ఆశతో సుంకన్న "కాదు" అన్నాడు.

"ఏం సుంకన్నా, కొమ్మలు కోసుకుపోయిననాడు ఇది కోన కాదా?" అని ఓబులమ్మ అరిచింది.

"నీ కాయలు మేకలకు పెట్టుకో పోవమ్మా, అవన్నా బలుస్తాయి" అన్నాడొకడు. చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వడానికి తప్ప నోరు విప్పలేదు.

కోసిన కొమ్మ కొన్నాళ్లు నీరు కారి, తరువాత చిగురించడం మామూలే. ఆ ఏడాది మాత్రం కత్తిరింపుల తరువాత నీరు ఆగలేదు. గుడ్డలు కట్టారు. బంకమట్టి మెత్తితే మట్టిని తోసుకుని కారింది. చిగురు లేదు. మొదళ్లు ఎండిపోతూ కూడా కారుతూనే ఉన్నాయి. గాలి లేని మిట్టమధ్యాహ్నం కోనంతా టప్‌టప్‌మని ఒకటే చప్పుడు. కుక్కలు ఊరు విడిచాయి. పంట తప్ప వేరే బతుకు లేని జనం ఆ చప్పుడు వినలేక చెవుల్లో దూది పెట్టుకున్నారు.

సుంకన్న తూర్పు వాలెక్కి, "తల్లీ, శాపం తీసెయ్" అని కాళ్లమీద పడ్డాడు.

"నేనేం శపించలేదన్నా, నాకూ భయంగానే ఉంది, ఇటు చూడు" అంది ఓబులమ్మ. తల్లితీగ కోనవైపు వంగి, పందిరి గుంజలు విరిగేలా గుంజుకుంటోంది. "బిడ్డలు ఏడుస్తుంటే తల్లి ఎట్లా ఊరుకుంటుంది? మధ్యన రాయి పాతించింది నువ్వు కాదా?"

సుంకన్న పిలిస్తే సాయానికి ఒక్కడూ రాలేదు. చేతులు పోతాయని తెలిసే, పట్టపగలు, అందరూ చూస్తుండగా ఒంటరిగా రాయిని పెకలించి దొర్లించుకుపోయాడు. అది వాలు అవతలికి చేరగానే చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దం మరీ భయంకరం, ఎందుకంటే అందులో నాయకుడి గుర్రాల డెక్కలు వినబడ్డాయి. తల్లితీగ తన బిడ్డలను కాపాడుకుంది, సుంకన్న చేతులను కాపాడలేదు. ఎందుకని నన్నడగొద్దు. రాయిని మాత్రం వెనక్కి జరపడం భటులవల్ల కాలేదు, ఏనుగులవల్లా కాలేదు.

ఆ రాతిమీద రెండు అరచేతుల గుంటలు నేటికీ ఉన్నాయి. వాటిలో పసుపు నింపందే కోనలో ఎవరూ కత్తెర పట్టరు. ఆ తల్లితీగ మొదలే తీగలమ్మగా పూజలందుకుంటోంది. మొన్న సర్కారువారు ఈ కోన పేరు ఇక్కడ పండిన ద్రాక్షకే చెల్లుతుందని ప్రాంతపు గుర్తింపు ఇచ్చి పటం గీసినప్పుడు, గీత ఆ రాతి అవతలి నుంచే పోయింది. కానీ దక్షిణాన బోడిగుట్ట కింద మా కొమ్మలే నాటుకున్న కుటుంబాలు ఆ గీతకు బయట పడ్డాయి. తమనూ కలపమని ఈ ఏడు వచ్చి గుడిముందు నిలబడ్డారు. రైతు సంఘంలో సగంమంది అప్పుడే తలలు అడ్డంగా ఊపారు. ఈసారి కత్తిరింపులై రోజులు గడిచినా నీరు ఆగలేదు, చిగురు ఇంకా రాలేదు. గుడిముందు నిలబడ్డ ఆ కుటుంబాలకు మీరైతే ఏం చెబుతారు?