తాళం వేసిన ఆట

మణిగిరి రాజ్యంలో వనవిహారమనే పాచికల ఆట అందరికీ ప్రాణం. ఆటపెట్టెలకు దొంగ నకళ్ళు పుట్టకుండా అరికట్టడానికని తాళాధికారి భీమరసు ప్రతి ఆటపెట్టెకూ ఒక మరతాళం బిగించాడు. పది పందేలు పడగానే మూత దానంతటదే మూసుకుని కాయలన్నీ చెదిరిపోయేవి. కోటనుంచి భటుడు వచ్చి తాళం తీశాక మళ్ళీ మొదటినుంచి ఆడవలసిందే. వెలపెట్టి కొన్నవాళ్ళు విసిగిపోయి, తాళాలు బాగుచేసే గవరమ్మ చేత దాన్ని ఊడదీయించుకునేవారు.

చివరికి ఆమెను సభలో నిలబెట్టారు.

“తాళం తీసినవారికీ, తీసిన పెట్టెతో ఆడినవారికీ దేశబహిష్కారమే. శాసనం తమరిదే, ప్రభూ!” అన్నాడు భీమరసు మీసం సవరించుకుంటూ.

గవరమ్మ చేతులు కట్టుకుని, “చిత్తం, వెళ్ళిపోతాను. ఆ ఆట చివరి గడిలో ఏ బొమ్మ ఉంటుందో మాత్రం తెలుసుకుని పోనివ్వండి. తాళాలు తీయడమే గాని ఏనాడూ ఆడి ఎరగను,” అంది.

“ఓస్, అంతేనా! మూడు తోకల నెమలి!” అన్నాడు రాజు ఉత్సాహంగా. “నిన్ననే మహారాణిని ఓడించి మరీ చూశాను.”

“పది పందేలకే అంతదూరం వెళ్ళారా, ప్రభూ?” అంది గవరమ్మ వినయంగా.

రాజు పక్క ఆసనంలో ఉన్న మహారాణి వంక చూశాడు.

“ఊడదీయించింది నేనే,” అంది మహారాణి. “ఎన్నాళ్ళని మొదటి గడిలోనే కూర్చోమంటారు?”

రాజు గొంతు సవరించుకుని, “శాసనం రద్దు,” అన్నాడు.

“మరి నా తాళం, ప్రభూ?” అన్నాడు భీమరసు.

“దానితో నువ్వే ఇంట్లో కూర్చుని ఆడుకో. ఆట ముగించిన మరునాడు కొలువుకు రావచ్చు.”

భీమరసు మళ్ళీ కొలువులో కనిపించలేదు.